పేజీకి రెండు రూపాయలు

యూనివర్సిటీ గేటుకు ఇవతల
రోడ్డు దాటితే మూడో అంగడి మాది.
మాది అంటే మస్తానప్పది.
నేను మూత తెరిచి మూసేదాన్ని.

పొద్దున తొమ్మిదికి మిషన్ వేడెక్కుతుంది.
గుమ్మఘట్ట, యాడికి, రొళ్ల, నంబులపూలకుంట...
పాత అనంతపురం జిల్లా అంతా కవర్లలో వచ్చి
నా ముందర అద్దం మీద బోర్లా పడుకుంటుంది.
టెన్త్, కులం, ఆదాయం, స్టడీ, టీసీ.
ఒక మనిషిని ఐదు పేజీల్లో చదవడం నేర్చుకున్నా.
ఎవరి కవరుకు జిప్పు ఉంటాదో,
ఎవరిది చీరలంగట్లో ఇచ్చిన కవరో,
ఎవరి ఆదాయం కాగితం మడతల కాడ పాతగుడ్డలా మెత్తబడిందో.

మాదీ మెత్తబడిందే.
ఏడాదికొకసారి మీసేవ ముందర నిలబడి
మేం పేదోళ్లమేనని అమ్మ రుజువు చేసేది.
పేదరికానికీ గడువుంటుంది, ఏడాదే.
ఆ తర్వాత మళ్లీ కొత్తగా పేదోళ్లం కావాల.
చెనిక్కాయ కట్టె పీకి పీకి అరిగిన వేలు పెడితే
"రేఖలు పడలేదు, మళ్లీ పెట్టు" అనేవాడు ఆ పిల్లోడు.
ఉమ్మి తడి చేసి, కొంగుకు తుడిచి,
మళ్లీ పెట్టేది.

నాకు ర్యాంకొచ్చింది. రెండు వందల పదకొండు.
ఎం.ఏ. ఎకనామిక్స్, ఈ గేటు లోపలే.
అలాట్‌మెంటు ఆర్డరు కాపీ ఈ అంగట్లోనే తీయించా,
అప్పటికి నేనింకా బల్లకు ఆవలి పక్క.
కె. సుంకులమ్మ అని
నల్లగా, వెచ్చగా బయటికొచ్చింది.

టీసీ కోసం డిగ్రీ కాలేజీకి పోతే
గుమస్తా రిజిస్టరులోంచి తల ఎత్తలేదు.
గవర్నమెంటు మీ ఫీజు ఇంకా ఎయ్యలేదు పాపా,
ముప్పై నాలుగు వేలు మీరే కట్టి పట్టకపోండి,
పడినప్పుడు వాపసిస్తాం.

ఆ యేడు వాన ఆగస్టులో రాలేదు.
అక్టోబరులో వచ్చింది, పీకి పరిచిన కట్టె మీద.
నాయన గుత్తి దాకా పోయి అడిగొచ్చాడు.
పన్నెండు వేలు పుట్టినాయి.
శనివారం ఐదు గంటలు వచ్చింది, పోయింది.
ఏమీ ఉరమలేదు.
ఎక్కడో ఒక గడిలో నా పేరు తుడుచుకుపోయింది, అంతే.

మరుసటి వారం ఇక్కడ పనికి కుదిరా.
మొదటిరోజే ఒక పిల్ల వచ్చింది, స్కూటీ మీద.
అదే ఎం.ఏ., అదే ఆర్డరు,
ర్యాంకు తొమ్మిది వందల చిల్లర,
కింద సెల్ఫ్ ఫైనాన్స్ అని.
మంచి పిల్ల. అక్కా అంటాది. చిల్లర వదిలేస్తాది.
ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు.
రాలేదని రాస్తున్నా గానీ
ఆ రోజు తన కాపీలు రెండు వంకరగా వచ్చినాయి.

ఇప్పుడు ఆ పిల్ల నోట్సులు నా చేతిమీదుగానే పోతాయి.
పేదరికం రేఖ గురించి పన్నెండు పేజీలు:
ఎవరు గీశారో, ఎక్కడ గీశారో, ఎన్ని కేలరీలో.
మసిబారిన పేజీలు పారెయ్యను, ఇంటికి తీసకపోయి చదువుతా.
ఒకచోట లెక్క తప్పు. పెన్సిలుతో దిద్ది ఇచ్చా.
నీకెట్ల తెలుసక్కా, అంది.
మిషన్ చప్పుడులో వినపడనట్టున్నా.

నిన్న మాపటేళ కల్యాణదుర్గం నుంచి ఒకాయన,
చొక్కా నిండా సున్నం చుక్కలు, పక్కన కొడుకు.
అన్నీ ఒక సెట్టు తియ్యి పాపా.
ఒక సెట్టు చాలదు నాయనా,
ఒరిజినల్స్ ఇస్తే మళ్లీ చేతికి రావు.
ఇయ్యకుంటే చేర్చుకోరంట గదా?

దానికి నా దగ్గర జవాబు లేదు.
మూడు సెట్లు తీసి ఒకదానికే దుడ్లు తీసుకున్నా.
ఆఖరున టీసీ పెట్టి, మూత వెయ్యడం మరిచి,
ఆ వెలుతురు పిల్లోడి పేరు కింద నుంచి
మెల్లగా పోయి రావడం చూస్తా ఉండిపోయా.
ఏమన్నా తప్పుందా పాపా, అన్నాడాయన.
ఏం లేదు, అన్నా.
కాగితం ఇంకా వేడిగా ఉంది.
మడతపెట్టొద్దు, అట్లే పట్టుకోండి.